‘బ్లాక్ స్వాన్ గ్రీన్’ రచయిత ఆత్మకథేనా?

కాదు, డేవిడ్ మిచెల్ 2006లో వెలువరించిన ‘బ్లాక్ స్వాన్ గ్రీన్’ స్వీయానుభవాన్ని ముడిసరుకుగా వాడుకున్న కల్పిత నవల.

ఇంగ్లండులోని ఉస్టర్‌షైర్ పల్లెలో, 1982 జనవరి నుంచి 1983 జనవరి వరకు, నెలకొక అధ్యాయం చొప్పున 13 అధ్యాయాల్లో తన కథ తానే చెప్పుకునే 13 ఏళ్ల జేసన్ టేలర్‌కూ, 1969లో పుట్టి అదే ప్రాంతంలో పెరిగిన రచయితకూ వయసు, నేల, నత్తి మూడూ కలుస్తాయి కనుకనే ఈ సందేహం వస్తుంది. జేసన్ తన నత్తికి ‘హ్యాంగ్‌మన్’, అంటే తలారి, అని పేరు పెట్టుకుంటాడు. నోరు తెరిచేలోపే రాబోయే వాక్యాన్ని మనసులో తడిమి చూసుకుని, నాలుకకు అడ్డుపడే మాట కనబడితే దాని స్థానంలో మరో మాట వేసుకుంటాడు. తోటి పిల్లలకు దొరికిపోకూడదన్న ఆ ఎడతెగని జాగ్రత్తను అనుభవించనివారు ఇంత సూక్ష్మంగా రాయడం కష్టమే.

అయితే జేసన్ ఉండే ‘బ్లాక్ స్వాన్ గ్రీన్’ అనే ఊరు కల్పితం. కల్పనకు మంచి ఉదాహరణ, జేసన్ కవితలను నిష్కర్షగా తూచి చెప్పే వృద్ధురాలు మేడమ్ క్రోమెలింక్. ఇదే రచయిత 2004 నాటి ‘క్లౌడ్ అట్లాస్’లో, 1931 నాటి బెల్జియంలో, ఈవా అనే అమ్మాయిగా కనిపించిన పాత్ర ఆమెదే.

‘నేను’ అని సాగే కథలో ఆ నేను రచయితే అనుకోవడం సాధారణంగా జరిగే పొరపాటు. నవలలోని ఫాక్లండ్స్ యుద్ధం 1982లో బ్రిటన్, అర్జెంటీనాల మధ్య నిజంగానే జరిగింది; అందులో ప్రాణం పోగొట్టుకునే ఆ ఊరి యువకుడు టామ్ యూ మాత్రం కల్పిత పాత్ర.