బీమ్ మీద ఒక్కసారి నిలబడితే చాలదు

అమ్మాయీ,

నీ దగ్గరున్న పిల్లల్లో నలుగురిని ఈ సీజన్‌లోనే పై లెవెల్‌కి పంపుతున్నావని నిన్న సాయంత్రం తెలిసింది. నా చేతుల్లో పడుతూ లేస్తూ జిమ్నాస్టిక్స్ నేర్చుకున్న పిల్ల ఇవాళ కోచ్ అయి ఇంకో నలుగురిని పైకి తెస్తోందని మురిసిపోయాను. కానీ రాత్రంతా నిద్ర పట్టలేదు. పొద్దున్నే ఇది రాయడానికి కూర్చున్నాను.

బలం, ఒళ్లు వంగడం, హ్యాండ్‌స్టాండ్ నిటారుగా నిలవడం, ఇవన్నీ నీకు నేను చెప్పక్కర్లేదు. కింది లెవెల్‌లో మంచి మార్కులొచ్చాయి కదా అంటావేమో. ఆ మార్కులు కింది లెవెల్ రొటీన్‌కి వచ్చినవి. నేను అడిగేది వేరు. బీమ్ అనే ఆ సన్నటి దూలం మీద బ్యాక్ హ్యాండ్‌స్ప్రింగ్, అదే వెనక్కి దూకి చేతుల మీదుగా తిరిగి కాళ్ల మీద నిలవడం, పట్టుకోవడానికి నీ చెయ్యి దగ్గర లేకుండా, ప్రాక్టీసు చివర్లో కాళ్లు అలిసిపోయాక, పదిసార్లు చేస్తే ఎన్నిసార్లు నిలుస్తోంది? ఎనిమిదికి తగ్గితే నేనైతే పంపను. ఏ రూల్ బుక్‌లోనూ లేదిది, నా లెక్క.

ఆ లెక్క ఎక్కణ్ణించి వచ్చిందో నీకెప్పుడూ చెప్పలేదు. నువ్వు రాకముందు నా దగ్గర 11 ఏళ్ల పిల్ల ఒకతె ఉండేది. ఒక సాయంత్రం బీమ్ మీద వరసగా మూడుసార్లు నిలిచింది. నేను ఆగలేకపోయాను. అప్పటికప్పుడే వాళ్లమ్మను పిలిచి, వచ్చే పోటీకి పై లెవెల్‌లో పేరిస్తున్నానని చెప్పేశాను. ఆ ఏడు ఆ పిల్ల ఒక్కసారిగా పొడుగు సాగింది. ఒంటికి అతుక్కుని ఉండే ఆ లియోటార్డ్ డ్రెస్సు భుజాల దగ్గర బిగిసిపోతుంటే కొత్తది కొనమన్నానే తప్ప ఇంకేమీ ఆలోచించలేదు. కాళ్లూ చేతులూ పొడుగైతే ఒంటి బరువు నిలిచే చోటే మారిపోతుంది, నిన్న వచ్చిన విద్య ఇవాళ మళ్లీ కొత్తదవుతుంది. పైనొకటి కిందొకటి ఉండే ఆ బార్స్ మీద ఊగుతుంటే పాదాలు కింది బార్‌కి తగిలేవి. బద్ధకం అనుకుని ఇంకా ఎక్కువసార్లు చేయించాను. ఒకరోజు వెనక్కి వంగి చేతులు నేలకానించే బ్రిడ్జ్‌లో ఉండగా, "టీచర్, నడుం దగ్గర పట్టేస్తోంది" అంది. వార్మప్ సరిగ్గా చెయ్యలేదు, ఇంకో రెండు చెయ్యి అన్నాను. చేసింది. నేను చెబితే ఏదైనా చేసేది.

మూడు వారాలకు వంగి బూట్లు వేసుకోలేకపోయింది. వెన్నుపూస వెనకభాగంలో సన్నటి పగులు. పదేపదే వెనక్కి వంగే పిల్లలకు వచ్చేదే. నెలల తరబడి విశ్రాంతి తీసుకున్నాక ఎముక అతుక్కుంది. తిరిగొచ్చి బీమ్ ఎక్కింది. 10 సెంటీమీటర్ల వెడల్పు, నేలకు 125 సెంటీమీటర్ల ఎత్తు. చేతులెత్తి అలాగే నిలబడింది. వెనక్కి వెళ్లలేకపోయింది. దిగి, మళ్లీ ఎక్కి, మళ్లీ దిగింది. దానికీ కసిరాను. ఆ తర్వాత రావడం మానేసింది. ఎంట్రీల జాబితాలో తన పేరు నా చేత్తోనే కొట్టేశాను.

2021లో టోక్యో ఒలింపిక్స్‌లో అమెరికా జిమ్నాస్ట్ సిమోన్ బైల్స్, గాలిలో ఒళ్లు ఎటు తిరుగుతోందో తెలియడం లేదని టీమ్ ఫైనల్ మధ్యలో తప్పుకున్నప్పుడు టీవీ ముందు కూర్చుని ఏడ్చాను. ఒళ్లు వద్దంటుంటే ఆగిపోవడం ఏమిటో ఆ బీమ్ మీద నిలబడి ఆ పిల్ల నాకెప్పుడో చూపించింది.

అందుకే చెబుతున్నాను, నెలనెలా పిల్లల ఎత్తు గోడ మీద గుర్తు పెట్టు. ఎవరైనా గబగబా పొడుగవుతుంటే ఆ కొన్ని నెలలూ కొత్త అంశం జోలికి పోకు, ఉన్నవే తేలిగ్గా చేయించు. ఆ వయసులో ఎముకల చివర్లు ఇంకా గట్టిపడి ఉండవు. మడమ, మోకాలి కింద, మణికట్టు, ఎక్కడ నొప్పన్నా విను. నడుం అంటే మాత్రం ఆ రోజే ఆపించి డాక్టరుకి చూపించు. ఈ ఒక్క విషయంలో నా మాట దాటకు.

అయినా నలుగురూ కలిసే వెళ్లాలని ఎవరన్నారు? పక్క పిల్ల వెళ్తోంది, మా పిల్ల ఎందుకు వెళ్లదని తల్లిదండ్రులు నిలదీస్తారు, తెలుసు. వాళ్లకు భయపడి ఎముకలతో బేరమాడతావా? 1997 నుంచి ఒలింపిక్స్‌లో పోటీ చెయ్యాలన్నా అమ్మాయికి ఆ ఏడాదిలో 16 నిండాల్సిందే. జిమ్నాస్ట్ ఒక్సానా చుసోవిటినా 46 ఏళ్ల వయసులో టోక్యోలో వాల్ట్, అదే పరిగెత్తుకొచ్చి బల్ల మీంచి ఎగిరి దూకడం, చేసింది. 11 ఏళ్ల పిల్ల ఒక సీజన్ ఆగితే ఏం పోతుంది? ప్రతి పిల్లనూ వాళ్లమ్మానాన్నలు పక్కన లేనప్పుడు అడుగు, నీకు భయంగా ఉందా అని. ఆగిపోయే పిల్లకు ఆ సంగతి జాబితా చూశాక తెలియకూడదు, ముందే నువ్వు పక్కన కూర్చుని చెప్పు.

కోప్పడ్డాననుకోకు తల్లీ. నిన్ను రెండేళ్లు ఒకే లెవెల్‌లో ఉంచితే నా మీద అలిగి వారం రోజులు మాట్లాడలేదు, గుర్తుందా? నీ తోటివాళ్లంతా వెళ్లిపోయారు. ఎందుకు ఆపారని ఎన్నిసార్లు అడిగినా చెప్పలేదు. అప్పుడు నువ్వు కూడా గబగబా సాగుతున్నావు. నీ లియోటార్డ్ కూడా భుజాల దగ్గర బిగిసిపోయింది.

పేర్లు ఇచ్చే ముందు ఆ నలుగురి ఎత్తులూ, పదింటికి ఎన్ని నిలుస్తున్నాయో రాసి పంపు. ఎదురుచూస్తుంటాను.

నీ టీచర్