పాత్ర ఒంటి మీద గుడ్డ పెరిగితే సెన్సార్ అంటున్నాం, తగ్గించమన్నప్పుడు ఏమంటున్నాం?

మీ ప్రశ్న ఇది: గేమ్ విడుదలయ్యాక పాత్ర దుస్తులు మార్చేయడం కళాకారుడి స్వేచ్ఛను చంపడం కాదా, ఈ రంగంలో ఉన్నవాళ్లు దీన్ని ఎలా చూస్తారు? ఉదాహరణగా స్టెల్లార్ బ్లేడ్ పేరు చెప్పారు. మీరూ క్యారెక్టర్ ఆర్టిస్ట్ కావాలనుకుంటున్నానని రాశారు కాబట్టి కాస్త వివరంగానే చెబుతాను. నేను తొమ్మిదేళ్లుగా హైదరాబాద్‌లో ఇదే పని చేస్తున్నాను. మాదాపూర్, కొండాపూర్ వైపు ఉన్న స్టూడియోల్లో కూర్చుని విదేశీ గేమ్‌లకు పాత్రలు చేసిపెట్టే ఉద్యోగం. ఒప్పందాల వల్ల ఆ గేమ్‌ల పేర్లు, కంపెనీల పేర్లు చెప్పలేను.

ముందు మీరు చెప్పిన గేమ్ సంగతి. కొరియాకు చెందిన షిఫ్ట్ అప్ దాన్ని 2024 ఏప్రిల్ 26న ప్లేస్టేషన్ 5లో విడుదల చేసింది. అన్ని దేశాల్లోనూ కోతలు లేకుండా ఒకేలా వస్తుందని అంతకుముందే ప్రకటించారు. తీరా మొదటి రోజు ప్యాచ్ (ఆటలో మార్పులు చేసే అప్‌డేట్) వేసుకున్నాక కొన్ని కాస్ట్యూమ్‌లలో ఛాతీ దగ్గర గుడ్డ పెరిగింది. డిస్క్‌లో ఉన్న రూపం వేరు, ప్యాచ్ తర్వాతి రూపం వేరు. ఆటగాళ్లు ఆన్‌లైన్‌లో పిటిషన్ పెట్టారు. ప్యాచ్ తర్వాత ఉన్నదే తాము చూపించాలనుకున్న తుది రూపమని దర్శకుడు కిమ్ హ్యూంగ్ టే చెప్పారు. ఆటగాళ్ల కోపం న్యాయమైనదే. ఒక మాట చెప్పి డబ్బు తీసుకుని, తర్వాత ఇంకోటి చేతిలో పెడితే ఎవరికైనా కోపం వస్తుంది. అయితే ఆ కోపం మాట తప్పినందుకు వచ్చింది. దాన్ని కళాకారుడి స్వేచ్ఛకు ముడిపెట్టాలంటే ముందు ఆ కళాకారుడి బల్ల దగ్గర ఏం జరుగుతుందో తెలియాలి.

నా బల్ల దగ్గర జరిగింది చెబుతాను. 2019లో ఒక మొబైల్ గేమ్ కోసం వైద్యం చేసే పాత్ర ఒకటి నాకు వచ్చింది. గాయపడ్డ సైనికులకు కట్లు కట్టే అమ్మాయి. నేను మోకాళ్ల దాకా అంగీ, నడుముకు మందుల సంచులు, మోచేతుల దాకా మడిచిన చేతులతో కాన్సెప్ట్ గీశాను. యుద్ధంలో పరుగెత్తే మనిషి అలాగే ఉంటుందనుకున్నాను. మొదటి ఫీడ్‌బ్యాక్‌లో అంగీ పొట్టి చేయమన్నారు. రెండో దాంట్లో సంచులు తీసేసి నడుము కనిపించేలా చేయమన్నారు. మూడో దాంట్లో నా బొమ్మ మీదే ఎర్ర గీతలు గీసి, మెడ దగ్గర ఎంత లోతు రావాలో చూపించి పంపారు. "ఎందుకన్నా?" అని మా లీడ్‌ను అడిగాను. "మార్కెటింగ్ వాళ్లు అడిగారమ్మా, చేసేద్దాం" అన్నాడు. చేసేశాను. అప్పుడు నాకు ఇంటి అద్దె ఉంది, ఇంటికి పంపాల్సిన డబ్బు ఉంది, ఎదురు చెప్పే ధైర్యం లేదు.

ఆ పాత్ర ఇప్పటికీ ఆ గేమ్‌లో ఉంది. రేపు ఎవరైనా దానికి మళ్లీ నిండు అంగీ తొడిగారనుకోండి, ఆటగాళ్లు "ఆర్టిస్ట్ స్వేచ్ఛను కాలరాశారు" అంటారు. ఆ ఆర్టిస్ట్‌ను నేనే. నా స్వేచ్ఛ పోయింది 2019లో, ఆ మూడో ఫీడ్‌బ్యాక్ రోజున. అప్పుడు ఎవరూ పిటిషన్ పెట్టలేదు.

నా ఒక్కదాని గోడు అనుకోకండి. టూంబ్ రైడర్ గేమ్ నాయిక లారా క్రాఫ్ట్ కథ ఈ రంగంలో చాలామందికి తెలుసు. ఆమెను సృష్టించిన టోబీ గార్డ్ ఇంగ్లండ్‌లోని కోర్ డిజైన్‌లో పనిచేసేవాడు. 1996లో టూంబ్ రైడర్ వచ్చి ప్రపంచమంతా ఆడింది. ప్రకటనల్లో లారాను శృంగార తారలా చూపించడం, తన పాత్ర మీద తనకే పట్టు లేకపోవడం అతనికి నచ్చలేదు. 1997లో కంపెనీ వదిలేశాడు, రావాల్సిన రాయల్టీ కూడా వదులుకుని. అక్కడ నిషేధించిన ప్రభుత్వం లేదు, కత్తెర పట్టిన బోర్డు లేదు. అయినా ఒక సృష్టికర్త చేతిలోంచి పాత్ర జారిపోయింది.

అలాగని ఒంపుసొంపులతో గీసిన ప్రతి పాత్రా మార్కెటింగ్ వాళ్ల ఒత్తిడి అనడం కూడా తప్పే. బయోనెట్టా అనే గేమ్ నాయికను గీసింది మారి షిమజాకి అనే మహిళ. ఆ పాత్ర నడక, కళ్లద్దాలు, జుట్టే దుస్తులైన ఆ ఊహ, అన్నీ ఎవరో ఇష్టపడి గీశారని చూడగానే తెలుస్తుంది. ఆ రూపాన్ని బయటి నుంచి ఎవరైనా కప్పమంటే నేను కళాకారిణి పక్షానే నిలబడతాను. చర్మం ఎంత కనిపిస్తోందన్న లెక్క నాకు అక్కర్లేదు. ఆ గీత గీసినవాళ్ల మనసులోంచి వచ్చిందా, ఇంకెవరో చెయ్యి పట్టుకుని గీయించారా అన్నదే చూస్తాను.

ఓవర్‌వాచ్‌లో ట్రేసర్ అనే పాత్ర పోజు గొడవ కూడా ఈ లెక్కలోనే చూడాలి. 2016 మార్చిలో, గేమ్ ఇంకా బీటా దశలో, అంటే విడుదలకు ముందు పరీక్షిస్తూ ఉండగా, వెనక్కి తిరిగి భుజం మీదుగా చూసే ఒక పోజు ఆ పాత్ర స్వభావానికి తగినట్టు లేదని ఒక ఆటగాడు రాశాడు. గేమ్ చేసిన కంపెనీ బ్లిజార్డ్ దాన్ని తీసేసింది. సెన్సార్ అని పెద్ద రగడ అయింది. ఆ పోజు మీద తమకే ముందు నుంచీ తృప్తి లేదని దర్శకుడు జెఫ్ కప్లాన్ చెప్పాడు. తర్వాత పెట్టిన కొత్త పోజు కూడా పాతకాలం పినప్ బొమ్మల (గోడకు తగిలించుకునే అందగత్తెల బొమ్మల) తరహాలోనే ఉంది. భయపడి కప్పేసిన పని అలా ఉండదు. ఎవరో వేలెత్తి చూపించాక మళ్లీ ఆలోచించి గీసిన పనిలా ఉంది. మా స్టూడియోలో ఇది రోజూ జరుగుతుంది. పక్క సీట్లో ఉన్నవాడు "ఈ చెయ్యి ఇలా ఎందుకుంది?" అంటాడు, చూసుకుంటే నిజంగానే తప్పుగా ఉంటుంది, మార్చుకుంటాం.

అసలైన సెన్సార్ ఎలా ఉంటుందో చూడాలంటే జర్మనీ చూడండి. అక్కడ నాజీ గుర్తుల మీద చట్టం ఉంది. సినిమాల్లో కళ కింద వాటికి మినహాయింపు ఉండేది, గేమ్‌లకు చాలాకాలం దొరకలేదు. 2017లో వచ్చిన వుల్ఫెన్‌స్టైన్ 2 నాజీలను చంపే ఆట. దాని జర్మన్ వెర్షన్‌లో స్వస్తిక గుర్తులు తీసేయడమే కాదు, హిట్లర్ మీసం కూడా తీసేశారు. అతన్ని ఛాన్స్‌లర్ అని పిలిపించారు. నాజీలను దుర్మార్గులుగా చూపించే ఆటలోనే ఆ దుర్మార్గుడి ముఖాన్ని చెరిపేయాల్సి వచ్చింది. 2018 ఆగస్టులో అక్కడి రేటింగ్ సంస్థ యూఎస్‌కే పద్ధతి మార్చుకుంది. గేమ్‌లో ఆ గుర్తులు కళ, చరిత్రల సందర్భంలో వచ్చాయా అని ఒక్కో గేమ్‌ను విడిగా చూడడం మొదలుపెట్టింది. గేమ్‌ను కళగా ఒప్పుకున్నాకే మీసం మీద చర్చకు చోటు దొరికింది.

దుకాణదారుడి కత్తెర ఇంకో రకం. 1993లో మోర్టల్ కాంబాట్ అనే పోరాట గేమ్ ఇళ్లలో ఆడే మెషీన్లకు వచ్చినప్పుడు, ఆ మెషీన్లు అమ్మే నింటెండో తన వెర్షన్‌లో రక్తాన్ని బూడిద రంగు చెమటగా మార్పించింది. పోటీ కంపెనీ సెగా వెర్షన్‌లో ఒక రహస్య కోడ్ నొక్కితే ఎర్ర రక్తం వచ్చేది, అదే ఎక్కువ అమ్ముడైంది. అమెరికా సెనేట్‌లో విచారణలు జరిగి, 1994లో ఏ గేమ్ ఏ వయసువాళ్లకో చెప్పే ఈఎస్‌ఆర్‌బీ రేటింగులు పుట్టాయి. ఆ ఏడాదే రెండో భాగం నింటెండోలో రక్తంతోనే వచ్చింది. డబ్బా మీద వయసు రాసే పద్ధతి వచ్చాక లోపలి బొమ్మను కోసే అవసరం తగ్గింది. అందుకే నేను రేటింగులను స్వేచ్ఛకు శత్రువుగా చూడను.

మన దగ్గర ఆ పద్ధతే సరిగా లేదు. సినిమాకు సర్టిఫికెట్ ఇచ్చే బోర్డు ఉంది, గేమ్ దాని పరిధిలోకి రాదు. ఫోన్‌లో ప్లే స్టోర్ చూపించే 12+, 16+ అంకెలు అంతర్జాతీయ పద్ధతిలో వస్తాయి. ఇది స్వేచ్ఛలా అనిపిస్తుంది కానీ లోపల భయం పెంచుతుంది. ఎవరి దగ్గరికి వెళ్లి "ఇది ఉండొచ్చా?" అని అడగాలో తెలియనప్పుడు అందరూ ముందే కోసేసుకుంటారు. పబ్‌జీ మొబైల్‌ను 2020 సెప్టెంబరులో నిషేధించారు. ఆ నవంబరులో భారత్ కోసం ప్రత్యేక వెర్షన్ తెస్తామని ప్రకటించినప్పుడు, పాత్రలు మొదటి నుంచీ దుస్తులతోనే ఉంటాయనీ తూటా తగిలితే ఆకుపచ్చగా కనిపిస్తుందనీ చెప్పారు. 2021 జులైలో బీజీఎంఐ (బ్యాటిల్‌గ్రౌండ్స్ మొబైల్ ఇండియా) పేరుతో అలాగే వచ్చింది. మా తమ్ముడు రోజూ ఆడతాడు, ఆకుపచ్చ రక్తం ఎందుకని ఎప్పుడూ అడగలేదు. 2022 జులైలో దాన్నీ యాప్ స్టోర్ల నుంచి తీసేశారు, మళ్లీ 2023లో తిరిగొచ్చింది. రంగు మార్చినా రక్షణ దొరకలేదు.

దేవుళ్ల విషయం ఇంకా సున్నితం. హైదరాబాద్‌లోని అరోనా టెక్నాలజీస్ 2009లో ప్లేస్టేషన్ 2 కోసం హనుమాన్: బాయ్ వారియర్ చేసింది. పూర్తిగా మన దేశంలో తయారై ఆ మెషీన్‌కు వచ్చిన మొదటి గేమ్ అది. హనుమంతుణ్ణి ఆటగాడు బటన్లతో ఆడించడం అపచారమని అమెరికాలో ఉండే హిందూ మతనేత రాజన్ జెడ్ అభ్యంతరం చెప్పారు. నేను శనివారం గుడికి వెళ్లే మనిషినే, ఆ బాధను తీసిపారేయను. కానీ మన ఊళ్లలో యక్షగానంలో, వీధి నాటకంలో ఆంజనేయుడి వేషం కట్టిన మనిషి తోక ఊపి పిల్లల్ని నవ్విస్తాడు, చివర్లో అందరూ ఆయనకే దండం పెడతారు. భక్తి, ఆట మన దగ్గర ఎప్పుడూ పక్కపక్కనే ఉన్నాయి. ఇప్పుడు మన డెవలపర్లు పురాణ పాత్ర అనగానే టెన్షన్ పడి, నగలు, కిరీటం, ముఖంలో ఏ భావమూ లేని క్యాలెండర్ బొమ్మ దగ్గరే ఆగిపోతున్నారు.

ఇక నాకు అన్నిటికంటే ఎక్కువ బాధ కలిగించిన అనుభవం. 2022లో ఒక విదేశీ గేమ్‌లో భారతీయ యోధురాలు కావాలన్నారు, ముసలి వయసు. చాలా సంతోషపడ్డాను. వెంటనే మా బాపమ్మ గుర్తొచ్చింది. మాది జగిత్యాల దగ్గర పల్లె, నాయనమ్మను బాపమ్మ అంటాం. ఆమె తన జీవితంలో రవిక తొడగలేదు. గోచి పోసి కట్టిన ముతక చీర, పైట బిగించి నడుముకు చెక్కడం, చేతుల మీద పచ్చబొట్లు, కాళ్లకు వెండి కడియాలు. నాట్లకైనా కోతలకైనా ఆ కట్టుతోనే వంగేది. పామును కర్రతో కొట్టడం నా కళ్లతో చూశాను. యోధురాలికి అంతకంటే మంచి దుస్తులు ఏముంటాయి? గోచికట్టు వల్ల కాళ్లు విడిగా ఉంటాయి కాబట్టి యానిమేషన్‌కు కూడా సులువు. కుచ్చిళ్ల చీర అయితే పరుగెత్తేటప్పుడు కాళ్లు గుడ్డలోంచి పొడుచుకొస్తాయి. ఇంకో మాట, గేమ్‌ల్లో చాలా పాత్రలకు దుస్తులు పొట్టిగా ఉండడానికి ఇదీ ఒక కారణం, ప్రతిసారీ కుట్ర వెతకనక్కర్లేదు.

పదిహేను రోజులు కష్టపడ్డాను. పచ్చబొట్లను విడిగా గీసి, వయసుతో ముడతలు పడ్డ చర్మంలో అవి ఎలా చెదురుతాయో చూసి వేశాను. క్లయింట్ దగ్గరి నుంచి జవాబు వచ్చింది: భుజాలు, వీపు కనిపిస్తున్నాయి, భారతీయ ఆటగాళ్ల మనోభావాలు దెబ్బతినొచ్చు, పొడుగు చేతుల రవిక వేయండి. భారతీయురాలిని నేను. ఆ మనిషి మా ఇంటి మనిషి. పాత ఫొటో ఒకటి స్కాన్ చేసి, రెండు పేజీల వివరణ రాసి పంపాను. "చాలా ఆసక్తికరంగా ఉంది, అయినా రవిక వేయండి" అన్నారు. పొడుగు చేతుల కింద పచ్చబొట్లన్నీ దాక్కున్నాయి. కడియాలు కూడా మెష్ (3డీ రూపాన్ని కట్టే గీతల వల) లెక్క తగ్గించడానికని తీసేశారు. మిగిలింది ఏ ఊరిదీ కాని ఒక ముసలామె.

2019లో గుడ్డ తగ్గించమన్నారు, 2022లో పెంచమన్నారు. రెండుసార్లూ కారణం ఒకటే, మాకు కనిపించని ఎవరో కొనుగోలుదారుడు ఏమనుకుంటాడో అన్న ఊహ. రెండుసార్లూ ఆ పాత్ర ఎవరు, ఏం పని చేస్తుంది, ఎక్కడి నుంచి వచ్చింది అని ఎవరూ అడగలేదు. మీరు సెన్సార్ గురించి కోపంగా ఉన్నారు కదా, ఆ కోపాన్ని రెండో వైపు కూడా కాస్త పంచండి అని నా విన్నపం.

ఈ రంగంలోకి వస్తే రెండు పనులు చేయండి. ఏ మార్పు అడిగినా కారణం రాతలో అడగండి. సాంకేతిక కారణమో, చట్టమో, అభిరుచో, భయమో రాసినప్పుడు బయటపడుతుంది. కొన్నిసార్లు కారణం రాయలేక వాళ్లే మార్పు వెనక్కి తీసుకున్నారు, నాకు రెండుసార్లు అలా జరిగింది. రెండోది, ఉద్యోగం బయట మీ సొంత పాత్ర ఒకటి ఎప్పుడూ నడుస్తూ ఉండాలి.

ఆ కంపెనీకి చేసిన మోడల్ వాళ్లదే, ముట్టుకోలేదు. రాత్రుళ్లు ఇంట్లో బాపమ్మను మొదటి నుంచి మళ్లీ చేసుకున్నాను, రవిక లేకుండా. పోయిన సంక్రాంతికి ఊరెళ్లినప్పుడు ల్యాప్‌టాప్‌లో అమ్మకు చూపించాను. అమ్మ చాలాసేపు తిప్పి తిప్పి చూసింది. పచ్చబొట్ల మీద వేలు పెట్టింది. తర్వాత కాళ్ల దగ్గర ఆగి, "గివి గింత సన్నగ లేకుండె బిడ్డా. అత్తమ్మ కడియాలు బొటనవేలంత లావుంటుండె. నడుస్తుంటే చప్పుడు గీ వాకిట్లకెల్లి పొలం దాక ఇనొస్తుండె" అంది.

ఆ రాత్రి కడియాల మెష్ మళ్లీ తెరిచాను.