ముందు అగ్గిపుల్లలు, తర్వాతే సూత్రాలు

అమ్మాయీ,

అత్తయ్య ఆశీస్సులు. మిగతా లెక్కలన్నీ చకచకా చేసే బాబు జామెట్రీ దగ్గరకొచ్చేసరికి బిక్కమొహం వేస్తున్నాడని నువ్వు చెప్పినప్పటి నుంచీ నాకు అదే ధ్యాస. ఇన్నేళ్లు ఐదో తరగతి పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని, ఇది ఫోనులో తేలే మాట కాదని ఉత్తరం రాస్తున్నాను.

నువ్వు పంపిన నోటుపుస్తకం ఫోటోలు చూశాను. చుట్టుకొలత అడిగితే పొడవును వెడల్పుతో గుణించాడు. వైశాల్యం అడిగితే నాలుగు భుజాలూ కూడాడు. వాడికి కూడికా వచ్చు, గుణకారమూ వచ్చు. ఆ రెండు మాటలకూ తేడా తెలియదు, అంతే. అది తెలియకుండా రోజుకు యాభై లెక్కలు చేయిస్తే తప్పే అలవాటవుతుంది. గోడ మీది సూత్రాల చార్టు ఓ పదిరోజులు తీసెయ్యి.

24 అగ్గిపుల్లలు మందు గీకేసి వాడి చేతికివ్వు. పుల్ల పొడవే భుజంగా 36 చదరపు కాగితపు ముక్కలు కూడా కత్తిరించి పెట్టు. పుల్లలన్నీ ఉపయోగించి దీర్ఘచతురస్రం పేర్చమను. పొడవు 11, వెడల్పు 1 పెడితే లోపల 11 ముక్కలే పడతాయి. 10, 2 అయితే 20. 8, 4 అయితే 32. 7, 5 అయితే 35. ఆరేసి పుల్లలతో చతురస్రం చేస్తే 36. కంచె అదే, లోపలి చేను మాత్రం పెరుగుతూ పోయింది! మా తరగతిలో ఒక పాప 36 దగ్గర ఆగిపోయి, ముక్కలన్నీ తీసి మళ్లీ పరిచింది. నమ్మలేక మూడోసారీ లెక్కపెట్టింది. ఆ తర్వాత ఆ పిల్ల ఈ రెండింటినీ ఎన్నడూ కలగలపలేదు. బాబు పేరుస్తున్నంతసేపూ నువ్వు జవాబు చెప్పకు తల్లీ, ఎంత ఆలస్యమైనా సరే.

లెక్క తప్పితే వెంటనే ఇంటూ పెట్టేయకు. బొమ్మ మీద చూపించమను. అంచు వెంట వేలు నడిపితే చుట్టుకొలత, లోపలంతా అరచేయి తిప్పితే వైశాల్యం. వేలు ఎటు పోతోందో చూస్తే వాడు ఎక్కడ పొరబడ్డాడో నీకే తెలుస్తుంది.

కొలవడంలోనూ ఒక చిక్కుంది. చాలామంది పిల్లలు స్కేలు మీద 1 దగ్గర మొదలుపెట్టి కొలుస్తారు, అందుకే జవాబు ఒక సెంటీమీటరు ఎక్కువ వస్తుంది. ఒకసారి కనిపెట్టి చూడు.

కోణాలు కొలిచే కోణమానిని సంగతి ఇంకా జాగ్రత్త. దాని మీద అంకెలు రెండు వరుసలుంటాయి కాబట్టి 60 డిగ్రీల కోణాన్ని 120 అని చదివేస్తారు. అది చేతికిచ్చే ముందు ఒక చిత్తు కాగితాన్ని మధ్యకు మడిచి, ఆ మడత అంచులు కలిసేలా ఇంకోసారి మడిపించు. వచ్చిన మూలే లంబకోణం. దాన్ని వాడి జేబులో ఉంచు. తలుపు మూలకు, పుస్తకం మూలకు, గడియారం ముళ్ల మధ్య పెట్టి చూసుకోనీ. కోణం దీనికంటే పెద్దదా చిన్నదా అని ముందే చెప్పాకే కొలవాలి. అప్పుడు ఏ వరుస చదవాలో వాడికే తెలుస్తుంది.

పుస్తకాల్లో చతురస్రాన్ని ఎప్పుడూ అడుగు నేలకు ఆనించినట్టే వేస్తారు. కాస్త వాల్చి గీస్తే పిల్లలు గాలిపటం అనేస్తారు. నోటుపుస్తకాన్ని అటూ ఇటూ తిప్పి చూపించు.

రోజుకు నాలుగు లెక్కలు చాలు. అందులో ఒకటి వాడే తయారుచేసి నిన్ను అడగాలి. నువ్వు నిజంగానే కూర్చుని చేయాలి సుమా!

సంక్రాంతికి వస్తారుగా. వాకిట్లో చుక్కల ముగ్గు సగం నేను వేసి ఉంచుతాను, అద్దంలో కనిపించినట్టు మిగతా సగం వాడు వేయాలి. పిండి డబ్బా వాడికోసం పక్కన పెడుతున్నాను.

మీ అత్తయ్య