గుయ్‌మనే ఆంప్లిఫయర్, ఆగని ఫ్యూజు

ప్రశ్న: మా స్టీరియో ఆంప్లిఫయర్ పాతదండీ. ఆరు నెలలుగా పాట పెట్టకపోయినా స్పీకర్లలో గుయ్‌మని మోత. నిన్నటి నుంచి ఆన్ చేయగానే ఫ్యూజు పోతోంది. పెద్ద ఫ్యూజు వేసేయమంటున్నాడు మా తమ్ముడు. వేయనా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: వద్దండీ, తమ్ముడి మాట వినకండి. ఫ్యూజు బదులు ట్రాన్స్‌ఫార్మర్ కాలుతుంది, అది ఫ్యూజు ధరకి రాదు. ముందు స్పీకర్ వైర్లు తీసేసి, 60 లేదా 100 వాట్ల పాత ఫిలమెంట్ బల్బుని (ఎల్ఈడీ పనికిరాదు) కరెంటు లైన్లో సీరీస్‌లో (అంటే కరెంటు బల్బు గుండానే ఆంప్లిఫయర్‌కి చేరేలా) పెట్టి ఆన్ చేయండి. బల్బు ఒక్కసారి వెలిగి మసకబారితే పెద్ద షార్ట్ లేనట్టే. అలాగే వెలుగుతూ ఉంటే ఎక్కువసార్లు అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లో (స్పీకర్లని నడిపేవి), బ్రిడ్జి డయోడ్లో (ఏసీని డీసీగా మార్చేవి) పోయి ఉంటాయి. ఒక్కదాన్నే మార్చి ఊరుకుంటే కొత్తదీ పోవచ్చు, దాని జత ట్రాన్సిస్టర్నీ, వెనకుండి వాటిని నడిపే చిన్న ట్రాన్సిస్టర్లనీ (డ్రైవర్లు) చూడాలి.

బాగయ్యాక స్పీకర్ టెర్మినళ్ల దగ్గర డీసీ కొలవండి, మామూలు సెట్లో కొన్ని పదుల మిల్లీవోల్టులే ఉండాలి. వోల్టుల్లో చూపిస్తే స్పీకర్ తగిలించొద్దు, కాయిల్ కాలిపోతుంది.

ఇక మోత సంగతి. ఇన్‌పుట్ కేబుళ్లన్నీ పీకేసి వినండి. మోత పోతే కేబులో, ఎర్త్ లూపో (రెండు పరికరాల ఎర్త్‌లు కలిసి చుట్టులా ఏర్పడటం) కారణం. పోకపోతే ఫిల్టర్ కెపాసిటర్లు (డీసీలో మిగిలిన హెచ్చుతగ్గుల్ని సర్దేవి) ఎండిపోయాయేమో అని నా అనుమానం. ఎర్త్ పిన్ను విరిచేస్తే మోత ఆగుతుందని ఎవరైనా చెప్తే మాత్రం చేయకండి, షాక్ కొడుతుంది. ప్లగ్ తీసినా కెపాసిటర్లలో కరెంటు నిలవుంటుంది, చేయి పెట్టేముందు మీటరుతో చూసుకోండి.