పెరట్లో తుంగ పోవాలంటే

తుంగగడ్డి ఎన్నిసార్లు పీకినా వారంలో మళ్లీ లేస్తోందని, తవ్విస్తే ఇంకా పెరిగిందని, ఎవరో ఉప్పు చల్లమన్నారని రాశారు కదండీ. ఉప్పు మాత్రం వద్దు, నేల పాడైపోతుంది, తర్వాత అక్కడ కూరగాయలు కూడా సరిగా రావు.

పైన ఆకు పీకితే తుంగ చావదు. కింద నల్లటి తుంగముస్తలు, అంటే తుంగ గడ్డలు, సన్నని వేళ్లలాంటి కాడలతో గొలుసుగా ఉంటాయి, పారతో తవ్వి ఆ గొలుసు తెంపి ముక్కలు అక్కడే వదిలేస్తే నిద్రపోతున్న గడ్డలన్నీ విడివిడిగా మొలుస్తాయి. అందుకే మీరు తవ్వించాక ఇంకా పెరిగింది.

వేసవిలో మడికి నీళ్లు ఆపేసి, అడుగు లోతు పలుగుతో తిరగేసి, దొరికిన ప్రతి గడ్డనూ ఏరేయండి. మిగిలినవి ఎండకు ఎండిపోవాలి, ఇది బాగా పనిచేస్తుంది. ఏరినవి కంపోస్టులో వేయకండి.

వానలు పడ్డాక మొలిచిన ప్రతి పిలకనూ నాలుగైదు ఆకులు రాకముందే తీసేస్తూ ఉండాలి. అప్పుడే గడ్డలో దాచుకున్న బలం ఖర్చవుతుంది. మధ్యలో వదిలేస్తే మళ్లీ కొత్త గడ్డలు పెడుతుంది. తుంగకు నీడ పడదు కాబట్టి ఆ ఖాళీలో బొబ్బర్లో చిలగడదుంపో ఒత్తుగా అల్లించండి. నల్ల ప్లాస్టిక్ షీటుకు డబ్బు పెట్టొద్దు, దాన్ని పొడుచుకుని పైకి వస్తుంది.

ఒక్క సీజన్‌లో పోదండీ, రెండేళ్లు పట్టొచ్చు. బయటి మట్టి, నర్సరీ కుండీలు తెచ్చినప్పుడు ముందు గడ్డలున్నాయేమో చూడండి.