లాకర్ పూత షోకేస్‌పై తెల్లటి మచ్చలు: సమాధానం

ఒంగోలులో లాకర్ (చెక్కపై వేసే మెరిసే పూత) వేసిన మీ షోకేస్‌ని రోజూ తడిగుడ్డతో తుడుస్తున్నా తెల్లగా మసకబారుతోందన్నారు. చాలావరకు అది బోరు నీళ్ల ఉప్పే. మన జిల్లాలో బోరు నీళ్లు గట్టివి, అంటే లవణాలు ఎక్కువ, ఆరితే తెల్ల పొర మిగులుతుంది. లాకర్ పూత పాడైందని టెన్షన్ పడకండి.

1. ముందు దుమ్ము దులపండి. అందరూ వదిలేసేది ఇదే! దుమ్ము మీదే గుడ్డ రుద్దితే ఇసుక రేణువులు సన్నటి గీతలు పెడతాయి, అవి తుడిస్తే పోవు. మెత్తటి పొడి మైక్రోఫైబర్ గుడ్డతో, నొక్కకుండా తీయండి.
2. లీటరు ఆర్‌వో నీళ్లలో రెండు చుక్కలు గిన్నెల లిక్విడ్. గుడ్డ గట్టిగా పిండి తుడవండి.
3. ఉత్త ఆర్‌వో నీళ్ల గుడ్డతో మరోసారి.
4. వెంటనే పొడిగుడ్డ. గాలికి ఆరనివ్వొద్దు.

థిన్నర్, అసిటోన్, స్క్రబ్బర్ వద్దే వద్దు.