సమాధానం: మిషనరీ పిలుపు, రాజీనామా

వందనాలు బ్రదర్. మిషనరీ సేవకు పిలుపు వచ్చిందని, ఈ నెలలోనే ఉద్యోగం మానేసి మధ్యప్రదేశ్ వెళ్తానని రాశారు. రాజీనామా ఇప్పుడే వద్దు. బైబిల్లో అపొస్తలుల కార్యములు 13లో సౌలును, బర్నబాను సేవకు సాగనంపింది అంతియొకయ సంఘం, అంటే అక్కడి విశ్వాసులు. కాబట్టి ముందు పాస్టరుగారితో, ఇంట్లోవాళ్లతో మాట్లాడండి. అప్పులుంటే తీర్చేయండి.

సెలవు పెట్టి రెండు వారాలు అక్కడి సేవకుల దగ్గర ఉండి రండి, ప్రసంగాలకు కాదు, చూడటానికి. చాలామంది దెబ్బతినేది భాష దగ్గరే. హిందీ చాలనుకుంటారు, ఊళ్లో గోండీయో భీలీయో, అంటే గిరిజన భాషలు మాట్లాడతారు. దోర్నకల్ బిషప్ అజరయ్యగారు తమిళులు, ఆయనా తెలుగు నేర్చుకోవాల్సి వచ్చింది. కనీసం ఏడాది భాషకే ఇవ్వండి.

మతమార్పిడులను నియంత్రించే మధ్యప్రదేశ్ 2021 మత స్వాతంత్ర్య చట్టం గురించి స్థానిక లాయరును అడగండి. ఇది మాత్రం వాయిదా వేయకండి. నెలవారీ సపోర్టు ఎవరిస్తారో సంఘం చేత కాగితం మీద రాయించుకోండి. నోటిమాట సాయం ఎక్కువ నెలలు నిలవదు.